తోడేలుకు ఏడు దెబ్బలు

మార్చి 3, మంగళవారం

డెబ్బై నాలుగో ఏట నాకు ఉద్యోగం దొరికింది. ఇచ్చింది మా మనవరాలు.

అది, ఇంకో ముగ్గురు కలిసి ఒక గదిలో కూర్చుని నాలుగేళ్ళుగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. ఓపెన్ వరల్డ్ అట. కొండలు, కోటలు, అడవులు. కంచె అనేది లేదు, ఎటు కావాలంటే అటు పోవచ్చు. దారిలో శత్రువుల్ని కొట్టాలి, పెట్టెలు తెరవాలి, దొరికింది సంచిలో వేసుకోవాలి. దాన్ని లూట్ అంటారు. మా కాలంలో దొంగతనం అనేవాళ్ళం.

చిక్కు ఏమిటంటే, ఆడినవాళ్ళంతా పది గంటలకే విసుగొచ్చి వదిలేస్తున్నారు. ఎందుకో వీళ్ళకి అంతుపట్టడం లేదు. ముప్పయ్యో తారీఖున పబ్లిషర్ తరఫున ఒకావిడ వచ్చి ఆడి చూస్తుంది. ఆవిడకి నచ్చకపోతే ఆట ఆపేస్తారు, గది ఖాళీ చెయ్యాలి. ఎప్పుడూ కంట్రోలర్ పట్టని మనిషి కావాలి తాతయ్యా, మొహమాటం లేకుండా చెప్పాలి, అంది మనవరాలు. మొహమాటం లేకపోవడంలో మీ తాతయ్య తర్వాతే ఎవరైనా అని వంటింట్లోంచి మా ఆవిడ.

మార్చి 4, బుధవారం

ముందు మన వీరుణ్ణి మనమే తయారుచేసుకోవాలి. ఇరవై పాయింట్లు ఇచ్చారు. బలం, వేగం, విలువిద్య, మాటకారితనం, ఇలా పంచాలి. ఇరవయ్యీ మాటకారితనంలో పోశాను. ఇన్నాళ్ళూ నన్ను నెట్టుకొచ్చింది అదే కదా.

ఊరు దాటగానే వంతెన మీద తోడేలు. దానితో మాట్లాడటానికి బటన్ లేదు.

మార్చి 6, శుక్రవారం

తోడేలుని చంపాను! ఏడు దెబ్బలు పట్టింది. లెక్కపెట్టాను.

లెక్కపెట్టడం నా వృత్తిదోషం. నలభై ఏళ్ళు కాటాలు బాగుచేశాను, కూరగాయల త్రాసు నుంచి లారీలెక్కే వేబ్రిడ్జి దాకా. చదువు అయిదో తరగతితో సరి. ఇంగ్లీషంతా కాటాల మాన్యువళ్ళలో నేర్చుకున్నదే. అందుకే డూ నాట్ ఓవర్‌లోడ్ అనేది నాకు కొట్టినపిండి. ఈ పనిలో మొదటి పాఠం, పొద్దున్నే అదే తూకపురాయిని కాటా మీద అదే మూల పెట్టి చూడటం. మిగతా బేరాలన్నీ తర్వాత. ఒకసారి ఒక మిల్లులో కాటా మధ్యాహ్నం పూట మాత్రం డెబ్బై కిలోలు ఎక్కువ చూపిస్తోందని కబురొచ్చింది. మూడు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. తీరా చూస్తే వాచ్‌మన్ ఆ కాటా చివర, గోడ నీడలో, కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నాడు. నేను వెళ్ళగానే లేచొచ్చి సెల్యూట్ కొట్టేవాడు, కాటా బాగుపడేది!

ఏం చెబుతున్నాను? ఆఁ, తోడేలు. ఇక రోజూ పొద్దున్నే వంతెన దగ్గరికి వెళ్ళి అదే తోడేలుని కొట్టి చూస్తాను.

మార్చి 9, సోమవారం

లెవెల్ 5కి ఎక్కాను. ఎక్కినప్పుడల్లా వచ్చే పాయింట్లన్నీ బలంలో వేశాను. కొత్త కత్తి. తోడేలు: ఏడు దెబ్బలు.

మార్చి 10, మంగళవారం

రాజుగారి సమాధిలోకి దూరాను. నలుగురు కాపలావాళ్ళని ఒట్టి మాటలతో బోల్తా కొట్టించాను, ఆ ఇరవై పాయింట్లు ఊరికే పోలేదు. పెట్టె తెరిస్తే ఒక తుప్పు కొడవలి, రెండు తోలుముక్కలు. ఇదేం రాజు అని మనవరాలికి ఫోన్ చేశాను. నువ్వింకా చిన్న లెవెల్‌లో ఉన్నావు తాతయ్యా, ఇరవైలో వచ్చుంటే వెండి ఖడ్గం వచ్చేది, అంది. రాజు చచ్చి మూడొందల ఏళ్ళని గోడ మీద రాశారు కదే, పెట్టెలో ఏం పెట్టాలో నా మొహం చూసి ఎప్పుడు తేల్చుకున్నాడు అన్నాను.

మార్చి 13, శుక్రవారం

లెవెల్ 11. దారికాచి నా చెప్పులు లాక్కోబోయిన దొంగ ఒంటి మీద బంగారు కవచం! దాన్ని వేసుకున్నవాడికి నా చెప్పులెందుకు?

నిన్న బుద్ధి గడ్డి తిని మూడు పాయింట్లు మళ్ళీ మాటకారితనంలో వేశాను. ఇవాళ తోడేలు తొమ్మిది దెబ్బలకి గానీ పడలేదు. నేను మాటలు పెంచితే అది కండలు పెంచింది.

మార్చి 14, శనివారం

వాళ్ళ గదికి వెళ్ళాను. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, కిటికీలో ఎండిన మొక్క. నా డైరీలోంచి తోడేలు లెక్కలు చదివి వినిపించాను.

శత్రువుల బలం తేల్చే ప్రోగ్రాం రాసినతణ్ణి అందరూ లెక్కల మేష్టారు అంటారు. ముప్పై ఏళ్ళుండవు. అతనికి కోపం వచ్చింది. దాన్నే లెవెల్ స్కేలింగ్ అంటారు తాతగారూ, మీరు ఎదిగినకొద్దీ శత్రువూ ఎదగాలి, అప్పుడే ఏ మూలకెళ్ళినా పోటీ సరిసమానంగా ఉంటుంది, అన్నాడు. సరుకు పెరిగినకొద్దీ రాయి కూడా బరువెక్కితే ముల్లు ఎప్పుడూ మధ్యలోనే నిలబడుతుంది బాబూ, అందంగానే ఉంటుంది, కానీ మనం ఏమీ తూచినట్టు కాదు, అన్నాను. ఇది కాటా కాదండీ, కళ, అన్నాడు. కళ అయితే రోజూ ఏడే దెబ్బలెందుకు అన్నాను. బొమ్మలు గీసే అమ్మాయికి నవ్వాగక టీ పొలమారింది. మేష్టారు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

మార్చి 15, ఆదివారం

మనవరాలు ఫోన్ ఎత్తడం లేదు. పిల్లల నాలుగేళ్ళ పని మీద నీళ్ళు పోసి వచ్చారు అంది మా ఆవిడ. ఇవాళ తోడేలు దగ్గరికి వెళ్ళలేదు.

మార్చి 17, మంగళవారం

పొద్దున పదింటికి తలుపు తీస్తే లెక్కల మేష్టారు. గడ్డం గీసుకోలేదు, చంకలో లాప్‌టాప్.

అతను నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తన ఆటని మొదటినుంచి ఆడలేదట! వాళ్ళెవరూ ఆడలేదట. పరీక్షించాలంటే నేరుగా లెవెల్ 8కో, 15కో దూకేవాళ్ళు. ఎక్కడికి దూకినా పోటీ సరిగ్గానే ఉండేది, చాలా బాగుందని చప్పట్లు కొట్టుకునేవాళ్ళు. మొన్న మొదటిసారి సున్నా నుంచి మొదలుపెట్టి రెండు రోజులు ఆడాడు. పన్నెండు లెవెళ్ళు ఎక్కాను తాతగారూ, ఎక్కినట్టే లేదు, అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

ఏ చోటి రాయి ఆ చోటిదే అన్నాను. వంతెన తోడేలు చచ్చేదాకా వంతెన తోడేలే. సమాధిలో ఖడ్గం ఎవరొచ్చినా ఖడ్గమే. కష్టమంతా అక్కడికి చేరడంలో ఉండాలి. మా భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టుకుని, చోటు చోటుకీ అంకెలు వేశాం. మా ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని మరీ కూర్చుంది. ఉత్తరాన ఎవరూ అంత తేలిగ్గా వెళ్ళలేని కనుమ ఒకటి ఉండాలి, లేకపోతే కాళ్ళు దేనికి, అంది. అలాగే వేశాం.

మార్చి 25, బుధవారం

ఒక్క దెబ్బ!!

మా కొత్త అంకెలు వేసిన ఆటని మనవరాలే పట్టుకొచ్చింది. లెవెల్ 11తో వంతెన మీదికి వెళ్ళాను. తోడేలు ఒక్క దెబ్బకి పడింది. నేను వేసిన కేకకి మా ఆవిడ ఏదో విరిగిందనుకుని పరిగెత్తుకొచ్చింది. అదే ఊపులో క్వారీలోకి వెళితే అక్కడి రాక్షసుడు నేను కత్తి దూసేలోపే నన్ను నేలకేసి రాశాడు. అబ్బ, ఎంత హాయిగా ఉందో.

మార్చి 30, సోమవారం, ఉదయం 11

పబ్లిషరావిడ వచ్చింది. బ్యాగు భుజం మీంచి దింపలేదు. మూడింటికి రైలుందని ముందే చెప్పింది. ఎవరూ దారి చెప్పకూడదని షరతు. నేరుగా క్వారీకి వెళ్ళి చచ్చింది. మళ్ళీ చచ్చింది. మనవరాలు గోళ్ళు కొరుకుతోంది. మేష్టారు గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం 4

ఆవిడ క్వారీ వదిలేసి ఊళ్ళన్నీ తిరిగింది. బలం సంపాదించింది. బ్యాగు ఎప్పుడు దింపిందో ఎవరూ చూడలేదు. రాక్షసుడు నిద్రపోయే వేళ కనిపెట్టి, పాక్కుంటూ క్వారీలో ఉన్న వాడి గుహలోకి వెళ్ళి, వాడి వెనక ఉన్న ఇనపసుత్తి ఎత్తుకొచ్చింది. మా కాలంలో దొంగతనం. ఆ సుత్తితో వాణ్ణే మూడు దెబ్బల్లో పడగొట్టి, కుర్చీలోంచి లేచి, ఆఫీసరు నోట రాకూడని మాట ఒకటి అంది. రాసుకుందామనుకున్నాను, మా ఆవిడ చదువుతుందని మానేశాను.

తర్వాత టైమెంతయిందని అడిగింది. రైలు వెళ్ళి గంటయింది.

ఆట ఆగదు. ఆ మాట ఆవిడే అంది. రేపు పొద్దున వచ్చి మిగతాది ఆడుకోవచ్చా అని కూడా అడిగింది. మేష్టారు నన్ను అమాంతం ఎత్తి గది నడుమ గిర్రున తిప్పాడు. ఒరేయ్, ఆయన నడుం అని మనవరాలు అరుస్తోంది, నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. నడుం ఇంకా నొప్పిగానే ఉంది. ఉండనీ.

ఏప్రిల్ 2, గురువారం

ఇవాళ ఉత్తరపు కనుమలో పదకొండుసార్లు చచ్చాను. మా ఆవిడ నిన్ననే దాటేసింది. అవతల ఏముందే అంటే ఎంత బతిమాలినా చెప్పడం లేదు.