మూడోసారి నడిపించాను

రమక్కా,

మీ అమ్మ మోకాలు ఎందుకు వాచిందని నువ్వు ఫోన్లో అడిగితే, బాత్రూం దగ్గర జారిందన్నాను. పడ్డ పెద్దమ్మ కూడా నీకు అదే చెప్పిందట. అది అబద్ధం. ఫోన్లో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

కాలేజీలో చూపించాల్సిన డాక్యుమెంటరీ కోసం మీ ఊరు మర్రిగూడ వచ్చాను. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిపోయిన పెద్దమ్మ కాళ్లు బాగా కనబడాలని, ఇంట్లో నల్లా ఉన్నా, పాత బోరింగు నుంచి బిందె మోసుకుని రమ్మన్నాను. రెండుసార్లు నడిచింది. "జర ఆగుతనే, కాళ్లు గుంజుతున్నయి" అంది. వెలుతురు పోతోందని మూడోసారి నడిపించాను. పడిపోయింది. నేను కెమెరా ఆపలేదు. ఆమె నేల మీద నుంచే నావైపు చూసి, "మంచిగొచ్చిందా బిడ్డా?" అంది. "వచ్చింది పెద్దమ్మా" అన్నాక గానీ లేపలేదు.

నిన్న క్లాసులో అందరూ ఆ షాటుకే చప్పట్లు కొట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సాయంత్రం సారుకు చెప్పి ఆ సినిమాను వెనక్కి తీసుకున్నాను.

ఆదివారం వచ్చి పెద్దమ్మను దవాఖానకు తీసుకెళ్తాను. ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. నువ్వు మాత్రం వెనకేసుకురాకక్కా.

నీ చెల్లెలు