తెర వెనక గంట

చిజురు వదినగారికి,

మీ తమ్ముడు ఇంట్లో సినిమా తెర కట్టి, దాని వెనక పట్టేలా స్పీకర్లు సొంతంగా చేసుకున్నారు. తెరకి సన్నటి చిల్లులుంటాయట, శబ్దం వాటిలోంచి బయటికొస్తుందట. బాగానే ఉంది. ఆ గోడకున్న, పోయిన మామగారికి దణ్ణం పెట్టుకునే పూజమందిరం మాత్రం మాయమైంది.

అడిగితే, "లక్క మెరుగు పెట్టించడానికి నగోయా పంపాను, నీకెందుకు ఆరాటం?" అన్నారు. తెర వెనక స్పీకరు పెట్టెలు మూడు, పాట వచ్చేది రెండింట్లోంచే. మధ్యదాంట్లో ఏముందంటే ఇసకట! ఇసక పెట్టెకి తలుపెందుకండీ?

నిన్న సినిమాలో బాంబు పేలగానే ఆ మధ్య పెట్టెలోంచి సన్నగా గంట మోగింది. పెళ్లైన దగ్గర్నుంచీ రోజూ మామగారి ముందు నేను కొట్టిన గంట, నాకు తెలియదా? ఈయన తెర మీంచి చూపు తిప్పకుండా, "ఎంత బాగా రికార్డు చేశారో!" అన్నారు.

పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండక్కి మీరొచ్చి దణ్ణం ఎక్కడ పెట్టుకోవాలో ఆయన్నే అడగండి. నేను అడగను. ఇవాళ పొద్దున మామగారికి రోజూ నైవేద్యం పెట్టే అన్నం గిన్నె తీసుకెళ్లి తెర ముందు పెట్టాను.

ఇక్కడెందుకు పెట్టావని మీ తమ్ముడు ఒక్క మాట అడగలేదు వదినా.

మీ మరదలు