చెరువు కనబడే కిటికీ

సరోజా,

నువ్వు పోయిన ఏడాదికి, బీదరులో చెరువు పక్కనే ఇల్లు కొన్నాను. ఉన్నన్నాళ్లూ పోరావుగా, చివరికి నీ మాటే నెగ్గింది. "ఇంట్ల కూసొని చెరువు చూడొచ్చు సేఠ్," అన్నాడు బ్రోకరు. అబద్ధమేం కాదు. కాకపోతే అది కనబడేది ఒక్క స్నానాలగది కిటికీలోంచే!

నీ ఫొటో అక్కడే పెడదామంటే కోడలు కవిత ఇంతెత్తున లేచింది. అందుకని హాల్లో, ఆ గది తలుపుకు ఎదురుగా మేకు కొట్టాం. తలుపు తీసి ఉంచితే నీకు నీళ్లూ కొంగలూ అన్నీ కనబడతాయి.

నాకే ప్రశాంతంగా స్నానం చేసే యోగం లేకుండా పోయింది. రెండు చెంబులు పోసుకునేలోపే కవిత తలుపు బాదుతుంది:

"మామా, జల్ది రాండ్రి! అత్తమ్మ చెరువు చూడాలె!"