ఐరన్ మాత్రలు

మార్చి 4
వదిన రక్తం నేనే తీశాను. నాలుగో నెల, మామూలు పరీక్షలు. నా చేతిలో నొప్పే తెలియదని నవ్వింది. హెచ్ఐవీ కిట్ మీద రెండో గీత వచ్చింది. ఇంకో రెండు కిట్లతో చూశాను. అదే. రిపోర్టు కౌన్సెలర్‌కి ఇచ్చి, ల్యాబ్ తలుపు వేసుకుని ఏడ్చాను.

మార్చి 6
వదినకు మాత్రలు ఇచ్చారు. ఒక్కరోజూ మానకపోతే బిడ్డకు దాదాపు రాదట. అన్నయ్యకు పరీక్ష చెయ్యొద్దా అని కౌన్సెలర్‌ని అడిగాను. ఆ మాట ఆమే చెప్పుకోవాలి, ఇంట్లో నీకేమీ తెలియదనుకో అంది. అమ్మకు మాత్రం అసలు తెలియకూడదని వదిన బతిమాలిందట.

ఏప్రిల్ 19
ఒకే వంటింట్లో తిరుగుతున్నాం. ఉప్పు సరిపోయిందా లేదా అన్నంతవరకే మా మాటలు.

జూన్ 28
వదినకు ఏం తిన్నా వికారం. ఈ ఐరన్ మాత్రలే తిప్పుతున్నాయేమో, కొన్నాళ్లు ఆపుదామా అని అమ్మ అడిగింది. ఫోన్ చూసుకుంటూ, ఆపితే ఏం కాదులే అన్నాను. ఇంట్లో నా మాటంటే డాక్టరు మాట. వదిన ఒక్కసారి నా మొహం చూసి, డబ్బా తెచ్చి అమ్మకిచ్చింది. అమ్మ ఆ డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసింది.

జూలై 20
ఈ నెల మాత్రలకు వదిన రాలేదని కౌన్సెలర్ చెప్పింది. సాయంత్రం మేడ మీదకు తీసుకెళ్లి అడిగాను. ఇన్నాళ్లకు నోరు విప్పాం. అమ్మ కంట పడకుండా హెచ్ఐవీ మాత్రలు ఆ ఐరన్ డబ్బాలోనే దాచుకుందట. మూడు వారాలుగా ఒక్కటీ వేసుకోలేదు.

చెప్పొచ్చుగా అని అరిచాను. అన్నీ తెలిసినదానివి, ఆపితే ఏం కాదన్నావు కదా, నమ్మాను అంది.

నా నోరు పడిపోను.

జూలై 21
కొత్త మాత్రలు తెచ్చాను. నా ఎదురుగానే వేసుకుంది. పోయిన మూడు వారాలు ఎక్కణ్ణుంచి తేను?

ఆగస్టు 3
అన్నయ్యకు వదిన చెప్పేసింది. పరీక్షకు రమ్మంటే రానంటున్నాడు. అన్నం కూడా తినడం లేదు.

ఆగస్టు 12
మగపిల్లాడు. వైరస్ తగ్గాల్సినంత తగ్గలేదని ఆపరేషన్ చేశారు. వాడికి రోజూ మందు చుక్కలు. బలానికి అనుకుని అమ్మే దగ్గరుండి పోయిస్తోంది.

సెప్టెంబర్ 24
బాబుకు వైరస్ వచ్చిందో లేదో చూడ్డానికి వాడి మడమ గుచ్చి కార్డు మీద రక్తం చుక్కలు పట్టాలి. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు వదిన. నన్నే తీయమంది. రోజుకు ముప్ఫైమందికి సూది గుచ్చుతాను. ఇవాళ రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

అక్టోబర్ 15, ఉదయం 11:20
వాడి రిపోర్టు కవరు వచ్చింది. కౌన్సెలర్ నా వైపు చూడలేదు. వదినను లోపలికి పిలిచి తలుపు వేసింది. వాడు నా ఒళ్లో ఉన్నాడు. ఒంటిచేత్తో రాస్తున్నాను. నా వేలు చప్పరిస్తున్నాడు. ఆకలేసినట్టుంది.