గువ్వలలంకకు ఇద్దరు

బోధన్,
డిసెంబరు 2

కాకినాడ రేవులోని తెరచాప పడవ యాత్రల మేనేజరు గారికి,

నమస్కారములు.

నేను చెరుకు కాంటా దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ణి. పేపరులో మీ ప్రకటన చూశాను. చూశాను అనడం కన్నా నా భార్య నాగవ్వ చూపించింది అనడం న్యాయం. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, పేపరు తెచ్చి నా ముక్కు దగ్గర పట్టి, "ఇగో, సముద్రం మీద నాలుగు దినాలట. పోదామా?" అని అడిగింది. నేను చాయ్ తాగుతున్నాను. "పోదాం" అన్నాను.

ఆ మాట అన్న గంటలోపు ఆమె వాడకట్టు అంతా చెప్పి వచ్చింది. కాబట్టి వివరాలు అవసరమైనవి. పడవ ఎక్కడికి పోవును? ఇష్టం లేనివారు మధ్యలో దిగిపోవచ్చునా? అక్కడికి బస్సు ఉన్నదా? ఫోనులోనే అడగవచ్చు గానీ, ఫోనులో అన్న మాటను ఎవరైనా అనలేదు అనవచ్చు. కాగితంతో ఆ బాధ లేదు.

ఇట్లు,
రాజమల్లు,
చెరుకు కాంటా గుమాస్తా (రిటైర్డ్)

తా.క.: పేపరులోని బొమ్మలో పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. అచ్చుతప్పు అనుకుంటున్నాను.

*

కాకినాడ,
డిసెంబరు 9

రాజమల్లు గారికి నమస్కారాలండి.

మా ఆఫీసుకు కరెంటు బిల్లు కాకుండా ఇంకో కాగితం వచ్చి చాలా ఏళ్లయింది. మీ ఉత్తరం అందరం ఒకరి తర్వాత ఒకరం చదువుకున్నామండి.

యాత్ర నాలుగు రోజులు, మూడు రాత్రులు. ఒడ్డు వెంబడే దక్షిణంగా సాగి, మొదటి రాత్రి గోదావరి సముద్రంలో కలిసే చోట లంగరు వేస్తాం. రెండో రోజు లంకకు చేరతాం. రెండు రాత్రులు లంకలోనే, డేరాల్లో బస. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికల్లా తిరిగి రేవులో ఉంటాం. మా పడవకు ఇంజిను లేదు. గాలి ఉంటే కదులుతుంది, గాలి పడిపోతే ఆగుతుంది. చుట్టూ నీళ్లే కాబట్టి బస్సు లేదండి. మధ్యలో దిగడం కూడా కుదరదు.

జనవరి 22న బయలుదేరే పడవలో మీ ఇద్దరి పేర్లూ రాసేశాను.

ఉంటానండి,
సత్తిరాజు, మేనేజరు

తా.క.: బొమ్మలో తప్పేమీ లేదండి. పడవ అలాగే ఒరుగుతుంది.

*

బోధన్,
డిసెంబరు 16

సత్తిరాజు గారికి,

మీ ఉత్తరంలో లంక అనే మాట చదివి నిలబడ్డవాణ్ణి కూర్చుండిపోయాను. పరాయి దేశమని ప్రకటనలో ఒక్క ముక్క కూడా వేయలేదు. అయినా నేను మాట తప్పేవాణ్ణి కాను గనుక, నాగవ్వను తీసుకుని నిజామాబాదు పోయి పాస్‌పోర్టులకు దరఖాస్తు పెట్టించాను. ఫోటో స్టూడియోలో ఆమె నాలుగుసార్లు నవ్వింది. నాలుగుసార్లూ పనికిరాదన్నారు. "దేశం దాటేటోళ్లు ఏడ్వాల్నా ఏంది?" అని ఫోటో తీసేవాణ్ణే అడిగింది.

పాస్‌పోర్టులు జనవరిలోపు వచ్చేటట్టు లేవు. పైగా డేరాలో పడుకున్నప్పుడు ఆ దేశపు పోలీసులు వచ్చి లేపితే మేము ఏ భాషలో జవాబు చెప్పాలి? మీరే ఆలోచించండి. యాత్ర రద్దు చేసినా నేను ఏమీ అనుకోను.

భవదీయుడు,
రాజమల్లు

తా.క.: భార్యను తానే లంకకు తీసుకుపోతున్న మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నానని మా వాడకట్టులో ఒకాయన అన్నాడు. ఇది కూడా మనసుకు కష్టంగా ఉంది.

*

కాకినాడ,
డిసెంబరు 22

రాజమల్లు గారూ,

రామ రామ! మా గోదావరి వైపు, చుట్టూ నీళ్లున్న నేలను లంక అంటామండి. మనం వెళ్లేది గువ్వలలంక. ఇసుక, సరుగుడు చెట్లు, గువ్వలు, అంతే. పోలీసులు లేరు. మాట్లాడడానికి అసలు మనుషులే లేరు. పాస్‌పోర్టు సంగతి మరిచిపోండి.

ఇక మీరు చూసుకోవలసినవి రెండే. తెల్లవారుజామున పోటు ఉండగానే బయలుదేరాలి. పోటు తగ్గిందంటే పడవ రేవులోంచి కదలదు. రెండోది, ఒంట్లో కాస్త ఈత ఉంటే మనిషికి ధైర్యం. లేనివాళ్లకు మేమే చొక్కాలు తొడుగుతాం, దిగులు పడకండి.

మీ రాక కోసం చూస్తూ,
సత్తిరాజు

తా.క.: ఆవిడ నవ్విన ఫోటోలు పాస్‌పోర్టుకు పనికిరాకపోతే మాకు పంపండి. మా ప్రకటనలో పడవ పక్కన వేసుకుంటాం.

*

బోధన్,
డిసెంబరు 29

సత్తిరాజు గారికి,

పోటు సంగతి ముందుగా తెలియజేసినందుకు సంతోషం. నాగవ్వకు ఎడమ మోకాలి పోటు ఎనిమిదేళ్ల నుంచి ఉంది. డాక్టరు సర్టిఫికెటు జతపరిచాను. అయితే ఆ పోటు తెల్లవారుజామున ఎక్కువగాను, పొద్దెక్కినకొద్దీ తక్కువగాను ఉంటుంది. నడిసముద్రంలో అది తగ్గి పడవ ఆగిపోతే బాధ్యులెవరు? నా మటుకు నాకు ఎక్కడా పోటు లేదు. కాబట్టి నేను ఈ యాత్రకు తగనని అనుకుంటున్నాను.

ఇక ఈత. ఈతకల్లుకు మా దగ్గర మాక్లూర్ వైపు మంచి పేరుంది. కానీ పొద్దున చెట్టు మీంచి దించినది కాకినాడ చేరేసరికి పులిసి, సీసా మూత ఎగిరిపోతుంది. పైగా నాగవ్వ చుక్క ముట్టదు. "తాగకుంటే సొక్కా తొడిగి కూసోవెడ్తరా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తాగనివారిని ఇట్లా శిక్షించే యాత్రకు ఇంటి ఆడమనిషిని ఎట్లా తీసుకురావాలో తెలియజేయగలరు.

మిక్కిలి చింతతో,
రాజమల్లు

తా.క.: మీకు ఇబ్బంది అయితే యాత్ర రద్దు చేశామని ఒక్క ముక్క రాయండి. నేను అర్థం చేసుకుంటాను. ఇంట్లో కూడా అర్థం కావాలి కాబట్టి కొంచెం పెద్ద అక్షరాలతో రాయండి.

*

కాకినాడ,
జనవరి 5

అయ్యా రాజమల్లు గారూ,

పోటంటే సముద్రపు నీళ్లు పైకెక్కడం. ఈతంటే నీళ్లలో ఈదడం. చొక్కా అంటే నీళ్లలో పడ్డ మనిషిని తేల్చేది. మీ ఆవిడ మోకాలి సర్టిఫికెటు తిరిగి పంపుతున్నాను.

మీతో ఉత్తరాలు మొదలైనప్పటి నుంచి ఏ మాట అన్నా దానికి ఇంకో అర్థం ఉందేమోనని నాకు అనుమానం పట్టుకుందండి. మొన్న మా ఇంట్లో "కూర బావుంది" అనబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పుకోలేక రెండు రోజులు హోటల్లో తిన్నాను.

ఇన్ని సందేహాలతో వచ్చే కన్నా మానుకోవడమే మంచిదేమో. "సరే" అని ఒక్క మాట రాయండి. ఇద్దరి పేర్లూ కొట్టేస్తాను.

దండాలతో,
సత్తిరాజు

తా.క.: మా సరంగు, అంటే పడవ నడిపే పెద్దాయన, మిమ్మల్ని ఒకటి అడగమన్నాడు. ఆ మాక్లూర్ సరుకు నిజంగానే మూత ఎగరగొడుతుందా?

*

బోధన్,
జనవరి 10

సత్తిరాజు తమ్మికి నాగవ్వ రాయించేది ఏందంటే,

రాసేది మా పక్కింటి శిరీష, నేను రాస్తే పొద్దు గూకుతది. డిచ్‌పల్లిల పెద్ద సదువు సదువుతది. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, సక్కజేస్తే ఊకోనని ముందుగాల్నే చెప్పిన.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఆయన ఇంట్ల లేడు. ఇప్పి సూసిన. ఏంది గిది, మోకాలేంది, కల్లేంది అనుకొని ఆయన సందూక తీసిన. తను రాసిన ప్రతి కాగితానికి ఇంకోటి రాసి దాసుకుంటడు, కాంటా మీద అలవాటు. అన్ని సదివిన. నేను ఏడ్సిన్నట! సొక్కా మాట నేను అననే లేదు. పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే నిజం.

తమ్మీ, ఆయనకు లంక తెలుసు, పోటు తెలుసు. పేపర్ల వచ్చే గళ్ల నుడికట్టు ఒక్క గడి ఇడువకుండ నింపే మనిషి. తెల్వంది ఏం లేదు. ఆయనకు నీళ్లంటే భయం, గంతే. మంజీర బ్రిడ్జి మీద బస్సు పోతుంటే కండ్లు మూస్కుంటడు. పెండ్లైన కొత్తల అడిగితే దుమ్ము పడ్డదన్నడు. ముప్పై ఎనిమిదేండ్ల సంది అదే దుమ్ము.

సాయంత్రం వచ్చినంక కాగితాలన్ని ముందట వెట్టిన. "భయమైతుందని నాకు చెప్తే ఏమైతుండె?" అన్న. "నువ్వు నోరు తెరిసి అడిగింది గిదొక్కటే. నేనెట్ల కాదనాలె? ఆఫీసోళ్లే కాదంటే బాగుంటదనుకున్న" అన్నడు. తిడ్దామనుకున్న తిట్లు తిట్టలేకపోయిన.

ఆయన పేరు కొట్టెయ్యి. శంకరమ్మ పేరు రాయి. మేమిద్దరం ముప్పై ఏండ్లు ఒకే అరుగు మీద కూసుండి బీడీలు జేసినం. ఇన్నేండ్లు కూసున్న కాడనే ఉన్నం. ఒక్కపారి మేం కూసుంటే కింద ఉన్నది కదలాలె.

మంచిగుండు తమ్మీ,
నాగవ్వ

ఇంకొక మాట: ఆయన కాకినాడ దాక వస్తడట, సామాను మొయ్యనీకి. కిటికీల సముద్రం కనబడని రూము ఉంటే సూడు.

*

బోధన్,
ఫిబ్రవరి 3

సత్తిరాజు గారికి,

పడవ తిరిగొచ్చిన సాయంత్రం రేవులో మీరు నన్ను పట్టుకుని "ఏమైందండీ, ఎక్కడికి పోయారండీ" అని అడిగారు. జవాబు బాకీ ఉండిపోయింది, అందుకే ఈ ఉత్తరం. ఇందులో మాటలకు ఒక్కొక్కటే అర్థం.

మీ ఆఫీసు వెనక గదిలో మూడు రోజులు హాయిగానే ఉన్నాను. నాలుగో రోజు రెండింటికి రావలసిన పడవ నాలుగైనా రాలేదు. "గాలి పడిపోయిందండి, అక్కడ ఫోను అందదు, కంగారు పడకండి" అని చెప్పి మీరు నాకోసం టీ తెప్పించడానికి పోయారు. కంగారు పడవద్దని ఒక్కసారి చెబితే బాగుండేది. మీరు మూడుసార్లు చెప్పారు.

నేను ఒడ్డుకు పోయాను. చేపల మోటారు బోటు ఒకటి బయలుదేరుతోంది. ఎట్లా ఎక్కానో గుర్తు లేదు. అడుగున కూర్చుని రెండు చేతులతో చెక్కను పట్టుకుని, "ఎంత దూరం? ఎంత దూరం?" అని అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆ బోటు మనిషికి విసుగొచ్చింది. "కళ్లు తెరిత్తే కనపడద్ది బాబూ" అన్నాడు.

తెరిచాను. ఎటు చూసినా సముద్రమే. మధ్యలో మీ పడవ. తెరచాప ఆరేసిన తడిచీరలా వేలాడుతోంది. పడవ అంచున నాగవ్వ, శంకరమ్మ కాళ్లు కిందికి వదిలి కూర్చుని పల్లీలు తింటున్నారు.

"గిదేంది? నువ్వెందుకొచ్చినవ్?" అన్నది నాగవ్వ.

"నిన్ను తీస్కపోనీకి."

"నాకేమైంది? నేను మంచిగనే ఉన్న."

అప్పుడు నేను సముద్రంలోకి వంగి వాంతి చేసుకున్నాను. శంకరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వుతోందని వీపు చూస్తే తెలుస్తోంది. నాగవ్వ మాత్రం నవ్వలేదు. చెయ్యి పట్టి పైకి లాగి, కొంగుతో మూతి తుడిచి, "ఎంత దూరమొచ్చినవయ్యా" అన్నది. ఆ మాట ఆమె నాతో ఆ గొంతుతో అనగా నేను ఎప్పుడూ వినలేదు.

అయిదింటికి గాలి లేచింది. ఖాళీగా కూర్చుంటే మళ్లీ వాంతి వస్తుందని సరంగు నా చేతికి ఒక తాడు ఇచ్చాడు. "లాగమంటే లాగండి, వదలమంటే వదలండి" అన్నాడు. లాగాను. పడవ ఒరిగింది. ఇంకా లాగమన్నాడు, ఇంకా లాగాను. నీళ్లు వచ్చి ముఖం మీద పడ్డాయి. అరవై రెండేళ్ల మనిషిని, గట్టిగా కేక వేశాను. భయంతో కాదు. అది రేవులో మీకు వినబడిందో లేదో తెలియదు.

నాగవ్వ ఇప్పుడు వాడకట్టులో రోజూ సముద్రం చెబుతోంది. ఇంకోసారి పోదామా అని అడిగాను. "ఒక్కపారి సూసిన, సాలు. ఉప్పునీళ్లల్ల మల్ల సూసేదేముంది?" అన్నది. కాబట్టి ఫిబ్రవరి 24న బయలుదేరే పడవలో గువ్వలలంకకు ఒక మనిషి పేరు రాయవలసిందిగా కోరుతున్నాను. ఆ మనిషిని నేనే. కుదిరితే తాడు పక్కన చోటు ఇప్పించండి.

ఇట్లు, మీ వాడు,
రాజమల్లు

తా.క.: ఈ కింద ఉన్నది నాగవ్వ స్వహస్తంతో రాసింది. నన్ను చదవనివ్వడం లేదు.

తమ్మీ, ఆయన్ని పంపుతున్న. గాలి లేకుంటే ఆడనే ఆగుండ్రి, తొందరేం లేదు. ఇల్లు నిమ్మలంగుంటది.