రాజు రెక్క విప్పితే

సెప్టెంబరు చివరి ఆదివారం, రాత్రి
ష్వైన్‌ఫర్ట్, జర్మనీ

ఇవాళ నవ్వీ నవ్వీ పొట్ట నొప్పెడుతోంది. మా ఇంటి ఓనరమ్మ పెంచే నెమలి పిల్లల్లో ఒకటి తోక విప్పి ఆడింది కాబట్టి మగదేనని మేమే తేల్చేశాం. ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోసి ‘రాజు’ అని రాసి, బారసాల కూడా చేశాం. ఒద్దికగా ఉండే రెండో పిల్లకు గౌరి అని పెట్టాం. ఓనరమ్మకేమో పెరట్లో ఇప్పటికే ఉన్న ఒక్క మగ నెమలి అరుపే ఎక్కువ. అందుకే రాజును వచ్చే వారం వేరే ఊరికి ఇచ్చేస్తానంది. మా చిన్ని మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు.

ఇచ్చేముందు ఒకసారి చూద్దామని ఓనరమ్మ ఇవాళ రాజు రెక్క విప్పింది. ఈ నీలి రకంలో మగదైతే రెక్క చివరి పెద్ద ఈకలు ఇటుక రంగులో ఉండాలట. రాజువి ఉత్త మట్టి రంగు! చిన్నప్పుడు పెట్టలు కూడా తోక విప్పి ఆడతాయట.

“అయ్యో, ఆడపిల్లకు రాజు అని పెట్టినమా! మళ్ల బారసాల చేద్దామా బిడ్డా?” అన్నాను.

“నైన్, వద్దు మమ్మీ! రాజు అంటే రాజే!” అని చిన్ని పెరడంతా గంతులేసింది.

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. మరి గౌరి?

ఓనరమ్మ గౌరి రెక్క కొంచెం విప్పింది. ఇటుక రంగు నాకూ కనిపించింది. ఆవిడ ఒకసారి చిన్ని వైపు చూసి, రెక్కను మెల్లగా మూసేసింది.

“ఇది ఇంకా పసిది. ఆడో మగో ఏమీ తెలియట్లేదు,” అంది.

నలభై ఏళ్లుగా నెమళ్లు పెంచుతున్న మనిషికి తెలియలేదట!