స్టెప్నీ బిగించాను

మామిడికుదురు,
శుక్రవారం.

ప్రియమైన విజయకుమార్ అన్నయ్యకు,

తమ్ముడు వందనాలతో రాస్తున్నది. దేవుని దయవల్ల అమ్మా, నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ, వదినా, పిల్లలూ క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాలు నొప్పి గురించి అడిగావు. తగ్గింది. చర్చిలో మళ్ళీ ముందు వరసలోనే కూర్చుంటోంది. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోనులో నువ్వు మధ్యలో మాట మార్చేస్తావు.

కిందటి ఉత్తరంలోనూ ఒకటే అడిగావు, నాన్నగారి పాత పికప్ బండికి స్టెప్నీ బిగించావా అని. బిగించాను. బాడీ పక్కన దాన్ని తగిలించే ఇనపముక్క తుప్పు పట్టి ఊడిపోయింది కదా, రాజోలులో కొత్తది చేయించాను. సోమవారం పొద్దున్న నా స్నేహితుడు అంజిబాబు చక్రం ఎత్తి పట్టుకున్నాడు. నేను బోల్టులకి సరిపెట్టి నట్లు బిగించాను.

ఆఖరి నట్టు దగ్గర ఉండగా గేటు ముందు కారు ఆగింది. ఒక పెద్దాయన దిగి చక్రాన్ని చేత్తో తడిమి చూశారు.

"ఆయ్, బాగా బిగించేరండి. ఇదొక్కటే మిగిలిందని మీ అన్నగారు చెప్పేరు. స్టెప్నీ దాని చోట అది ఉంటేనే బండి తీసుకుంటానన్నానండి నేను."

"తీసుకోవడమేంటండీ?" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. పేరు అమ్మిరాజుగారట, పాత బళ్ళు సేకరిస్తారట. "మీకు తెలీదాండీ? ఖాయమై రెండు నెలలైందండి," అని కాగితాలు చూపించారు. సంతకం నీదే.

'బాగు చెయ్యి తమ్ముడూ, అమ్మని ఎక్కించుకుని చర్చికి వెళ్దాం' అన్నావు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు ఆ బండి కింద పడుకున్నాను. కాగితాలు నీ పేరునే ఉన్నాయి. అమ్ముతానంటే కాదనేవాణ్ణా? నన్ను మెకానిక్కులా వాడుకున్నావు అన్నయ్యా. మెకానిక్కుకైనా బండి ఎవరికోసమో చెబుతారు.

"తాళం ఇవ్వకు సత్యం, గొడవెట్టు," అన్నాడు అంజిబాబు. ఇచ్చేశాను. ఆ పెద్దాయన తప్పేముంది? రెండో గేరు మొండికేస్తుందని కూడా చెప్పి పంపాను.

ఇక నా మాట ఒకటి ఉంది. గుండెనొప్పి వచ్చిన నాన్నగారిని నువ్వు ఆ బండిలోనే అమలాపురం తీసుకెళుతుంటే వంతెన దగ్గర టైరు పేలింది. చూస్తే స్టెప్నీ లేదు. ఇంకో బండి దొరికేసరికి ముప్పావుగంట. ఆస్పత్రి గుమ్మంలోనే పోయారు. మలికిపురంలో బండిలోంచి కొబ్బరికాయలు దింపుతుంటే ఎవరో దొంగిలించి ఉంటారని పదకొండేళ్ళుగా అనుకుంటున్నావు.

దొంగ లేడు. నాన్నగారికి చెప్పకుండా నేనే విప్పి ఒక్కరోజుకని అంజిబాబుకి ఇచ్చాను. వారమైనా తిరిగి తెచ్చుకోవడానికి బద్ధకించాను. అందుకే ఈసారి దాన్ని నా చేత్తోనే బిగించాలనుకున్నాను. నువ్వు రెండు నెలలు దాచావని నిలదీస్తూ పదకొండేళ్ళది మింగి కూర్చోలేకపోయాను. నువ్వు నన్ను క్షమిస్తావో లేదో తెలీదు. నేనైతే నిన్ను ఇంకా క్షమించలేదు.

బండి రంగు వేయించడానికి వెళ్ళిందని అమ్మకి చెప్పాను. "ఎప్పుడొస్తాదిరా?" అని నిన్న కూడా అడిగింది. ఆదివారం ప్రార్థన అయ్యాక నా తప్పు ఆవిడకి చెప్పేస్తాను. నీది నా నోటితో చెప్పను. నువ్వే వచ్చి చెప్పుకో.

ఇట్లు,
నీ తమ్ముడు
సత్యానందం